కచ్చాకుట్టు తాకితే పడవ

టైలరత్త పోయిందని అమ్మ ఫోను చేసినప్పుడు నేను రాజమండ్రి ఆఫీసులో కూర్చుని ఒక గ్రాఫుకి అక్షాల పేర్లు పెడుతున్నాను. రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి తెప్పించుకున్న గ్రాఫు అది. ఇలాంటప్పుడు కథల్లో గాలి ఆగుతుంది, గడియారం ఆగుతుంది. మా ఆఫీసులో ఏదీ ఆగలేదు. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పడుతూనే ఉన్నాయి. మా మేనేజరు గారు "అయిందాండీ?" అని అడుగుతూనే ఉన్నారు.

"పొద్దున్నే కాజాలు కుడతా కుడతా మిషను మీదికి ఒరిగిపోయిందంట్రా," అంది అమ్మ. "అంబులెన్సు టక్కున వచ్చేసింది. కాజ్‌వే ఎండిపోయి ఉంది కదా. అయినా లాభం లేకపోయింది."

మాది కోనసీమలో ఒక లంక. చుట్టూ గోదావరి పాయలు. బయటి ప్రపంచానికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క కాజ్‌వే, అంటే పాయకి అడ్డంగా గొట్టాలు పేర్చి పైన వేసిన సిమెంటు రోడ్డు. వాన చుక్క పడకుండానే ఎక్కడో ఎగువన కురిసిన వానకి అది మునుగుతుంది. ఆ నీళ్ళతో ఏళ్ళ తరబడి పేచీ పెట్టుకున్న మనిషి, కాజ్‌వే మీద దుమ్ము లేస్తున్న ఏప్రిల్లో పోయింది. గోదావరికి ఇందులో ఏ పాత్రా లేదు. అత్తే ఉంటే ఈ మాట ముందు రాయించేది. "దాని తప్పు కానిది దాని మీద రాయకు" అనేది.

ఆవిడకో పేరుంది. ఊళ్ళో ఎవరూ వాడలేదు కాబట్టి నేనూ వాడను. టైలరత్త. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. ఆ సూదులు తియ్యకుండానే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది కూడా. చిన్నప్పుడు ఆవిడ నవ్వితే మేమంతా ఒకడుగు వెనక్కి వేసేవాళ్ళం. మనిషిని చూస్తే ముందు మొహం చూసేది కాదు, కొలత చూసేది. నాకు ఇంజనీరింగులో సీటొచ్చిందని చెప్పడానికి వెళితే, కింది నుంచి పైదాకా చూసి, "ముప్పై నడుం. నాలుగేళ్ళు హాస్టల్ తిండి తిని వచ్చేసరికి ముప్పై నాలుగు. ప్యాంట్లకి లోపల గుడ్డ వదిలి కుడతాను," అంది. అభినందన అంతే. నాలుగేళ్ళ తర్వాత లోపలి గుడ్డ మొత్తం వాడాల్సి వచ్చింది.

మావయ్య ఏమయ్యాడని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే, "సైజు కుదర్లేదండి" అనేది. జాలి చూపించడానికి సిద్ధమైన మొహాలు అక్కడే ఆగిపోయేవి.

ఆవిడ చదువు పదో తరగతి. లెక్కల్లో వచ్చింది ఒక్క గ్రాఫు. "మాస్టారు చెప్పారురా, ఏం రాకపోయినా గ్రాఫు గీసెయ్యండి, అక్షాలకి పేర్లు పెట్టండి, మూలన స్కేలు రాయండి, అదే మిమ్మల్ని ఒడ్డెక్కిస్తాది అని. ఎక్కించింది." కొంతమందికి వెంకన్న మీద నమ్మకం, కొంతమందికి సత్తెన్న మీద. అత్తకి గ్రాఫు కాగితం మీద. రావులపాలెంలో దారాలు కొనడానికి వెళ్ళినప్పుడల్లా పుస్తకాల కొట్లో నాలుగు గ్రాఫు కాగితాలు కూడా కొనుక్కొచ్చేది. కొట్టతను, "పిల్లలు పదో తరగతాండీ?" అనేవాడట. "కాదండి, గోదారి" అనేదట ఈవిడ.

ఆ కాగితం అత్త టైలరు కొట్లో గోడ మీద ఉండేది, జాకెట్ల మెడల నమూనాల బొమ్మకీ క్యాలెండరుకీ మధ్యన. అడ్డంగా వెళ్ళే గీత మీద గంటలు ఉండవు. పాలవ్యాను, బడిగంట, బడి అన్నం, సాయంత్రం పాలు అని ఉంటుంది. రోజుకి నాలుగు చుక్కలు. నిలువు గీత మీద అడుగులూ మీటర్లూ ఉండవు. కింది నుంచి పైకి: కాజ్‌వే గొట్టాలు. రేషను షాపు రెండో మెట్టు. అరటితోట గట్టు. బడి అరుగు. అన్నిటికీ పైన, అత్త రాతలో, 'నా మిషను పెడలు'.

మూలన స్కేలు: నిలువున ఒక గడి అంటే బెత్తెడు.

"ఎవరి బెత్తెడత్తా?" అన్నాను ఒకసారి.

"కొలిచేది ఎవరు?"

"నువ్వు."

"మరి?"

పెడలు పైన కాగితం ఇంకా అరచెయ్యంత ఖాళీగా ఉండేది. అక్కడేం రాస్తావంటే, "ఏం రాయను. రాస్తే దానికి ఆశ పుడుద్ది," అనేది.

వరదొచ్చిన ప్రతిసారీ ఆ చుక్కలు ఒక వంపుగా లేచి దిగేవి. ఆ వంపుకి అడ్డంగా, రెండో మెట్టు దగ్గర, ఎర్ర పెన్సిలుతో ఒక తెగిన గీత. కొంచెం గీత, కొంచెం ఖాళీ, మళ్ళీ కొంచెం గీత. మా పుస్తకాల్లో దాన్ని డాష్‌డ్ లైను అంటారు. అత్త కచ్చాకుట్టు అనేది. మిషను మీద అసలు కుట్టు వేసేముందు చేత్తో పొడుగు పొడుగు దారాలు వేసి గుడ్డని నిలబెడతారే, అది.

ఆ కచ్చాకుట్టు ఎందుకొచ్చిందో చెప్పాలి. రెండో మెట్టు తడిసిందంటే ఇంకో పూటలో కాజ్‌వే మునిగినట్టే. కానీ మండలం ఆఫీసు నుంచి మాకు పడవ వచ్చేది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశాకే. అప్పటికి మా కాజ్‌వే మునిగి ఒక రోజయ్యేది. టీవీలో హెచ్చరిక లేదు కాబట్టి మేము మునగలేదు. అవతలి గట్టు మీద అంబులెన్సు, ఇవతలి గట్టు మీద మనుషులు, మధ్యలో ఆఫీసు లెక్క ప్రకారం లేని నీళ్ళు.

అలాంటి ఒక రోజునే పద్మక్కకి నొప్పులొచ్చాయి. పద్మక్క అంటే అత్త దగ్గర ఫాల్సు కుట్టే ఆవిడ. ట్రాక్టరు ట్రాలీలో పరుపేసి, నడుంలోతు నీళ్ళలో కాజ్‌వే మీద తోలుకెళుతుంటే, సగం దారిలో ట్రాక్టరు ఆగిపోయింది, బిడ్డ మాత్రం ఆగలేదు. తల్లీ బిడ్డా క్షేమం. పాపకి పెట్టిన పేరు వేరే ఉంది కానీ ఊరంతా ట్రాలీ అనే పిలుస్తుంది. అందరం వారం రోజులు నవ్వుకున్నాం. ఆ ట్రాలీలో పద్మక్క తల పట్టుకుని కూర్చున్న అత్త మాత్రం ఎనిమిదో రోజున ఎర్ర పెన్సిలు తీసింది.

"ఈసారి నవ్వాం," అంది. "ప్రతిసారీ నవ్వు రాదు. ఈ గీత తాకగానే పడవ రావాలి. బ్యారేజీ ఏం చెప్పినా సరే."

అలా మొదలైంది.

కాగితం చూపిస్తే ఆఫీసులో తీసుకోరు, కంప్యూటర్లో గీసిపెట్టు అని నన్ను పట్టుకుంది. నేను లాప్‌టాప్ తెరిచి రెండు నిమిషాల్లో చుక్కలన్నీ ఎక్కించి వంపు గీసి చూపించాను. నా ప్రతిభకి నేనే కాస్త కదిలిపోయాను. అత్త సూదుల మధ్య నుంచి తెరని చూసింది.

"ఈ సిరీస్ వన్ ఎవరు?"

"అది దానంతటదే పెట్టుకున్న పేరత్తా."

"దాని ఇష్టమేంటి? గోదారని రాయి. ఈ పక్కన ఒకటి, రెండు, మూడు ఏంటి? నా మెట్లేవి? నా పెడలేది?"

"అంకెలుంటే బాగుంటుందత్తా. పద్ధతి."

"అక్షాలకి పేర్లు పెట్టకపోతే సగం మార్కులు కోసేస్తారు. ఇంజనీరింగు ఎవరిచ్చార్రా నీకు?"

అంకెలు ఒక్కొక్కటీ పీకి మెట్లూ గట్లూ రాశాను. కచ్చాకుట్టు వేశాను. అదీ నచ్చలేదు. "ఇది మిషను కుట్టులా ఉంది. ఇంత దగ్గర దగ్గరగా వేస్తే రేపు ఎలా ఊడదీస్తావు? పొడుగ్గా వెయ్యి."

"గీతని ఊడదీయడమేంటత్తా?"

"నీళ్ళు గీసేది అసలు గీత. దాన్ని ఎవరూ మార్చలేరు. మనం గీసేది కచ్చాకుట్టు. తప్పని తెలిస్తే ఊడదీసి సరిగ్గా వేసుకోవాలి. అందుకే తెంపి తెంపి గీసేది."

నాలుగేళ్ళ చదువులో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఒప్పుకోవడం ఇష్టంలేక నీళ్ళు తాగాను. అసలు తిట్లు ఇంకా ఉన్నాయి. సాయంత్రం పాలకీ మర్నాటి పాలవ్యానుకీ మధ్య ఆవిడ చుక్కలు పెట్టదు. కాగితం మీద అక్కడ ఖాళీ వదిలి "చూడలేదు" అని రాస్తుంది. కంప్యూటరు ఆ ఖాళీని చక్కగా కలిపేసింది.

"ఇదెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. అటూ ఇటూ చుక్కలున్నాయి కదా, అదే కలిపేసుకుంటుంది."

"చూడనిది చూసినట్టు గీసిందా ఈ పెట్టె? తియ్యి. ముందు తియ్యి." ఆవిడకి నిజంగా కోపం వచ్చిన సందర్భాలు నాకు తెలిసి రెండే. ఇది ఒకటి.

ఆ ప్రింటు పట్టుకుని ఇద్దరం మండలం ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ డిప్యూటీ తహసీల్దారు గారు, అందరూ డీటీ గారు అంటారు, మర్యాదస్తుడే. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశారు.

"ఇందులో అడుగులు లేవేంటమ్మా?"

"అడుగులు బ్యారేజీకండి. మాకు మెట్లు."

"ఈ ఎర్ర గీత ఏంటి? మొదటి హెచ్చరికా?"

"మీ మొదటి హెచ్చరికకి ముందు హెచ్చరికండి. అది తాకితే మాకు పడవ కావాలి."

"గీత గీసినంత మాత్రాన పడవ వచ్చెయ్యదమ్మా. దానికో ఫార్మాట్ ఉంటుంది."

"గియ్యకపోతే కూడా రావట్లేదు కదండి. అందుకని గీశాను."

ఆయన నవ్వి, పని ఉందని లోపలికి వెళ్ళిపోయారు. అత్త వరండాలో బల్ల మీద కూర్చుంది. మూడు రోజులు కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు కాబట్టి సంచీలోంచి జాకెట్లు తీసి హుక్కులు కుట్టుకుంది. రెండో రోజుకి ఆఫీసు మనుషులు ఊడిన జిప్పులూ విడిపోయిన అంచులూ తేవడం మొదలుపెట్టారు. మూడో రోజున డీటీ గారే బయటికొచ్చి, చొక్కా మీద వేలాడుతున్న బొత్తాం వైపు చూపించి కాస్త మొహమాటపడ్డారు.

"కుట్టేత్తానండి. ఆలోపు మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్యండి."

సినిమాలో అయితే పెట్టేసేవారు. ఆయన బొత్తాం కుట్టించుకుని, థాంక్స్ చెప్పి, లోపలికి వెళ్ళిపోయారు.

"ఊరికే కుట్టేశావేంటత్తా?" అన్నాను బస్సులో.

"బొత్తాం ఊడిపోవడం ఆయన తప్పు కాదు కదరా."

ఆ మరుసటి వరదకి మా పరువు పోయింది. దానికి కారణం గోదావరి కాదు, ఆఫీసూ కాదు. మేమే. ఆ వేసవిలో రేషను షాపుని బాగు చేశారు. అరుగు ఎత్తు పెంచి, మెరిసే టైల్సేసి, మెట్లు కొత్తగా కట్టారు. ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. అత్త కూడా చూసి, కాలు జారేలా ఉందని సలహా ఇచ్చొచ్చింది. ఎవరికీ తట్టలేదు, మా గ్రాఫు ఆ మెట్ల మీదే నిలబడి ఉందని. రెండో మెట్టు మూరన్నర పైకి జరిగి కూర్చుంది. వరదొచ్చింది. రోజుకి నాలుగుసార్లు అత్త వెళ్ళి చూస్తోంది, నీళ్ళు రెండో మెట్టుకి ఇంకా కిందే ఉన్నాయి. "కచ్చాకుట్టు తాకలేదు, కంగారు పడకండి" అని ఊరి వాట్సాప్ గ్రూపులో నేను గొప్పగా పెట్టాను. అప్పటికే కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి.

ఆ రోజు డయాలసిస్‌కి వెళ్ళాల్సిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకుని, ఎలాగో దాటించారు.

అత్తకి కోపం వచ్చిన రెండో సందర్భం అది. తన మీదే. నీళ్ళు తీశాక ఇంటింటికీ వెళ్ళి, "మెట్టు మారింది, నేను చూసుకోలేదు, తప్పు నాది" అని చెప్పొచ్చింది. ఎవరూ అడగలేదు. అందరికీ చెప్పింది. పెద్దాయన, "పోనియ్యవే, ట్రాక్టరెక్కి చాలా కాలమైంది" అన్నారు. ఆయన నవ్వినా ఈవిడ నవ్వలేదు. ఇంటికొచ్చి గోడ మీది కాగితంలో ఎర్ర గీతని రబ్బరుతో ఒక్కొక్క ముక్కా చెరిపింది.

"మానేస్తావా?" అన్నాను.

"ఊడదీశానంటే మళ్ళీ కుట్టడానికేరా."

మర్నాడు రేవు పక్క కొబ్బరిచెట్టు దగ్గర టేపుతో ప్రత్యక్షమైంది. పాత అరుగు మరకలు చూసి, కాజ్‌వే నుంచి మట్టం పట్టించి, రెండో మెట్టు ఎత్తు చెట్టు మొదలు మీద లెక్కగట్టి ఎర్ర రంగు పూసింది. నాకు తెలివి పుట్టుకొచ్చింది.

"చెట్టు పెరుగుతుంది కదత్తా. నీ గుర్తు కూడా ఎక్కేస్తుంది."

ఆవిడ బ్రష్షు దించి నా వైపు చూసింది. "కొబ్బరిచెట్టు తలతో పెరుగుద్ది. నడుంతో కాదు. నడుం కొలతలు మారేది మనుషులకే. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

అప్పటి నుంచి నిలువు గీత మీద రెండో మెట్టు కొట్టేసి, "కొబ్బరిచెట్టు నడుం" అని రాసుకున్నాం.

మా మెట్టు మోసం సంగతి మండలం దాకా పాకింది. అప్పటికి ప్రతి చుక్కనీ ఫొటో తీసి డీటీ గారికి వాట్సాప్ చేయడం నా పని. ఆయన ఏడాదిగా నీలం టిక్కులు తప్ప జవాబు ఇవ్వలేదు. తర్వాతి వరద మొదలవుతుండగా ఆయనే స్వయంగా జీపులో వచ్చారు. సొంత హెచ్చరికలు ప్రచారం చేసి జనాన్ని కంగారు పెడుతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. గోడ మీది గీత చెరిపెయ్యాలి, గ్రూపులో పెట్టడం ఆపాలి. చేతిలో నోటీసు.

అత్త నోటీసు చదివింది. మడిచి మిషను డ్రాయరులో పెట్టింది. "సరేనండి. దీని సంగతి తర్వాత మాట్లాడదాం. మీరు మాత్రం బడి అన్నం గంట కొట్టేలోపు వెళ్ళిపోండి బాబుగారూ. పొద్దున్న చుక్క కచ్చాకుట్టు తాకేసింది."

"టీవీలో ఏం చెప్పలేదమ్మా. బ్యారేజీ దగ్గర హెచ్చరికే లేదు."

"ఆయ్. అక్కడ లేదండి. ఇక్కడ ఉందండి."

ఆయన పట్టుదలగా కూర్చున్నారు. వాదించారు. మధ్యలో పద్మక్క టీ ఇచ్చింది, జంతికలు పెట్టింది. గంట కొట్టారు. ఇంకాసేపటికి డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. "సార్, కాజ్‌వే కనపట్లేదండి."

అందరం రేవుకి వెళ్ళాం. కాజ్‌వే ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్ళు నింపాదిగా పోతున్నాయి. డీటీ గారు కంట్రోలు రూముకి ఫోను చేశారు. సిగ్నలు సరిగా లేక స్పీకరు పెట్టి ఫోను పైకెత్తి పట్టుకున్నారు. అవతలి గొంతు ఊరంతటికీ వినిపించింది.

"పడవాండీ? ఇంకా మొదటి హెచ్చరిక రాలేదండి సార్. హెచ్చరిక వచ్చాకే పడవ, మీరు ఇచ్చిన ఆర్డరే కదండి."

నవ్వకుండా నిలబడడం నా జీవితంలో నేను చేసిన అతిపెద్ద శారీరక శ్రమ. ఆయన ఫోను దించి అత్త వైపు తిరిగారు.

"మరి మీ దగ్గర పడవ ఏమైనా..."

"మా దగ్గర ఎక్కడిదండి? అదే కదండీ మేం అడిగేది."

ఆయన బళ్ళో బస చేశారు. ప్యాంటు తడిసిపోతే అత్త కొత్త లుంగీకి అంచు కుట్టి ఇచ్చింది. సాయంత్రం పాల వేళకి ఆయనే కొట్టుకొచ్చారు. లుంగీలో ఉన్న అధికారి అంత భయంకరంగా ఉండడు. గోడ మీది వంపుని చాలాసేపు చూశారు. పాత వరదల కాగితాలన్నీ తీయించి చూశారు. "ఇప్పుడు చుక్క పెట్టాలి కదా," అన్నారు. "నేను చూసొచ్చాను. చెట్టు గుర్తు మీద మూడు బెత్తెలుంది. నేను పెట్టనా?"

"పెట్టండి. కానీ చూసినవాళ్ళు పక్కన సంతకం పెట్టాలండి. మా పద్ధతి."

నాకు తెలిసి అలాంటి పద్ధతేమీ లేదు. అప్పుడే పుట్టింది. ఆయన చుక్క పెట్టి, పక్కన తేదీ వేసి, సంతకం చేశారు. అలవాటు కొద్దీ కింద హోదా కూడా రాశారు. అత్త కాగితాన్ని గోడ మీంచి జాగ్రత్తగా విప్పి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, నా చేతికిచ్చింది.

"నాలుగు జెరాక్సులు తియ్యిరా. హెచ్చరిక లేనప్పుడు కాజ్‌వే మునిగిందని సారు చూశారు."

డీటీ గారికి అప్పుడు అర్థమైంది. కోప్పడతారనుకున్నాను. పడలేదు. చొక్కా బొత్తాం ఒకసారి తడుముకుని, "గట్టిగా కుట్టారమ్మా" అన్నారు. ఏ కుట్టు గురించో చెప్పలేదు.

ఉత్తర్వు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మా లంకకి మాత్రం, చెట్టు మీది గుర్తు తాకగానే ఒక ఇంజను పడవ. నోటీసు ఇప్పటికీ ఆ డ్రాయరులోనే ఉంది, మీద బాబిన్లు పేర్చి ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ డీటీ గారు బదిలీ అయ్యారు, అత్త పోయింది. ఈ జూలైలో వరదకి ముందు కొత్తగా వచ్చిన అధికారి నాకు ఫోను చేశారు. ఈయనా మర్యాదస్తుడే. మా ఆఫీసులకి మర్యాదకి ఎప్పుడూ లోటు లేదు.

"మీ గ్రాఫు చూశానండి. అన్ని ఊళ్ళకీ ఒకటే నమూనా పెడుతున్నాం. అడుగుల్లో మార్చి పంపండి."

"కుడిపక్క అడుగులు పెట్టానండి. ఎడమపక్క మావి."

"ఎడమపక్కవి తీసెయ్యండి. కొబ్బరిచెట్టు నడుమేంటండి? పైన ఈ 'నా మిషను పెడలు' ఏంటి? ఎవరి మిషను?"

"టైలరత్తదండి."

"ఆవిడ పోయారని విన్నానే."

"మిషను ఉందండి."

ఫోనులో కాగితం తిరగేసిన చప్పుడైంది.

"ఆ ఎర్ర గీత కూడా మా నమూనాలో లేదండి. తీసెయ్యాల్సి ఉంటుంది."

మామూలుగా నేను ఇలాంటి చోట ఒక జోకేసి తప్పుకుంటాను. ఆ రోజు జోకు రాలేదు. "అది కచ్చాకుట్టండి. తప్పని చూపిస్తే నేనే ఊడదీస్తాను. ఒకసారి ఊడదీశాం కూడా. కానీ ఊరికే తియ్యమంటే తియ్యను. దాని పక్కన మీ ఆఫీసు సంతకం ఉంది. జెరాక్సు పంపనా?"

పంపాను. నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. నేను గ్రాఫు మార్చలేదు.

మొన్న శుక్రవారం పాలవ్యాను వేళకి పద్మక్క చెట్టు దగ్గర్నుంచి ఫోను చేసింది. నీళ్ళు గుర్తు తాకాయి. చుక్క పెట్టి, పక్కన ఆవిడ పేరు రాసి, ఫొటో కంట్రోలు రూముకి పంపాను. టీవీలో ఏ హెచ్చరికా లేదు, ఎవరో కొత్త హీరో వడపప్పు తింటున్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టి ఊరికి బయల్దేరాను. నేను కాజ్‌వే దాటేసరికి ఇంకా టైరు తడవలేదు. రేవులో మాత్రం కొబ్బరిచెట్టుకి ఒక ఇంజను పడవ కట్టేసి ఉంది.

పడవ మనిషి చుట్టూ చూసి నన్నడిగాడు. "వరదేదండీ? ఎండ కాత్తంది. ఊరికే రప్పించారేంటండి?"

నేను నోరు తెరిచేలోపు పద్మక్క అందుకుంది. చెవి వెనక సుద్దముక్క ఉంది, పెదాల మధ్య రెండు గుండుసూదులు.

"వస్తాదండి. బడి అన్నం వేళకి. ఈలోపు ఆ చొక్కా ఇలా ఇవ్వండి, చంక విడిపోయింది."